సవానాలో ఎక్కడ తినాలి: అట్లాంటా నుంచి వెళ్లే తెలుగువాళ్ల కోసం

లాంగ్ వీకెండ్ వచ్చిందంటే అట్లాంటా తెలుగువాళ్లలో చాలామంది జార్జియా తీరంలోని సవానాకి బయల్దేరతారు. దాదాపు నాలుగు గంటల డ్రైవ్. 75వ నంబరు హైవే మీద మేకన్ దాకా వెళ్లి అక్కడ 16వ నంబరు హైవే ఎక్కితే నేరుగా ఊళ్లోకే. దారంతా పైన్ చెట్లే. అక్కడికి వెళ్లి ఫోటోలు దిగుతారు, టిబీ బీచ్‌లో పిల్లల్ని ఆడిస్తారు, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర, చపాతీలు హోటల్ గదిలో తిని వచ్చేస్తారు. "అక్కడ మనం తినడానికి ఏముంటుందండీ" అనే మాట చాలా ఇళ్లలో విన్నాను. నాకు మాత్రం, అమెరికాలో చూసిన ఊళ్లన్నిటిలో మన నోటికి ఇంత దగ్గరి తిండి సవానాలోనే దొరికింది. వరి అన్నం, బెండకాయ, బొబ్బర్లు, ఆకుకూరలు, చిలగడదుంప, రొయ్యలు, పీతలు. అక్కడి పాతకాలపు వంటంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. ఎక్కడికి వెళ్లాలో, ఏం అడగాలో తెలిస్తే చాలు.

ఈ వంట అక్కడికి ఎలా వచ్చిందో తెలుసుకుని తినడం మంచిదని నా నమ్మకం. సవానా నది ఒడ్డున జేమ్స్ ఓగల్‌థోర్ప్ ఈ ఊరికి పునాది వేసింది 1733లో. మొదట్లో జార్జియాలో బానిసత్వంపై నిషేధం ఉండేది. 1751లో దాన్ని ఎత్తేశారు. ఆ తర్వాత సముద్రపు పోటుకి నీళ్లెక్కే నదీ తీరపు నేలల్లో వరి పొలాలు లేచాయి. వరి సాగు తెలిసిన పశ్చిమ ఆఫ్రికా మనుషుల్ని బానిసలుగా తెచ్చి ఆ బురదలో పని చేయించారు. బెండకాయ, బొబ్బర్లు, టమాటాతో వండే ఎర్రన్నం వాళ్లతోపాటు వచ్చినవే. వాళ్ల వారసులు, గల్లా గీచీ ప్రజలు, ఈ తీరమంతా ఇప్పటికీ ఉన్నారు. 1859 మార్చిలో ఈ ఊరి పక్కనున్న గుర్రప్పందేల మైదానంలో నాలుగు వందల మందికి పైగా బానిసల్ని రెండు రోజులపాటు వేలం వేశారు. రోజంతా తిరిగే టూరిస్టు ట్రాలీల్లో ఈ సంగతి ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తే నాకు బాధగా ఉంటుంది. మనం ఇష్టంగా తినే ఆ ఎర్రన్నం వాళ్ల చేతుల మీదుగా వచ్చింది.

ముందుగా చెప్పాల్సింది 107 వెస్ట్ జోన్స్ స్ట్రీట్‌లో ఉన్న మిసెస్ విల్క్స్ డైనింగ్ రూమ్ గురించి. సీమా విల్క్స్ అనే ఆవిడ 1943లో ఒక బోర్డింగ్ హౌస్ చేతిలోకి తీసుకుని, అందులో ఉండేవాళ్లకి వండిపెట్టేవారు. ఆవిడ 2002లో చనిపోయారు, ఇప్పుడు కుటుంబమే నడుపుతోంది. 2010లో ఒబామా కూడా ఇక్కడే భోంచేశారు. సోమవారం నుంచి శుక్రవారం వరకు, మధ్యాహ్నం పూట మాత్రమే తెరుస్తారు. శని, ఆదివారాలు సెలవు. మనవాళ్లు శనివారం వెళ్లి మూసిన తలుపు చూసి తిరిగొచ్చేది ఇందుకే. శుక్రవారం సెలవు పెట్టుకుని వెళ్లండి. జనవరిలో అయితే అసలు తెరవరు, ఆ నెలలో ప్లాన్ వేసుకోకండి. రిజర్వేషన్లు ఉండవు. తెరవడానికి ముందే, పదింటికల్లా లైన్లో నిలబడితే నయం. ఓక్ చెట్ల నీడ, ఇటుకలు పరిచిన వీధి కాబట్టి పెద్దవాళ్లకి కూడా నిలబడటం మరీ కష్టంగా ఉండదు. చిన్న ఫోల్డింగ్ కుర్చీ తీసుకెళ్తే ఇంకా సుఖం.

లోపల పదేసి మంది కూర్చునే బల్లలు. మీ కుటుంబం నలుగురైతే మిగతా ఆరుగురూ ఎవరో తెలియనివాళ్లు. మీరు కూర్చునేసరికే బల్ల నిండా గిన్నెలు ఉంటాయి: ఫ్రైడ్ చికెన్, బీఫ్ స్ట్యూ, బార్బెక్యూ పోర్క్, ఎర్రన్నం, బొబ్బర్లు, బటర్ బీన్స్, కొలార్డ్ ఆకుకూర, టమాటాతో ఉడికిన బెండకాయ, పాకంలో ఉడికించిన చిలగడదుంప, కార్న్ బ్రెడ్, బిస్కెట్లు (మన బిస్కెట్లు కావు, మెత్తటి చిన్న బన్నుల్లాంటివి). మెనూ కార్డు ఉండదు. ఒక గిన్నెలోంచి కాస్త వడ్డించుకుని పక్కవాళ్లకి అందించాలి. ప్రతి గిన్నెకీ వేరే గరిటె ఉంటుంది, ఎంగిలి అవుతుందన్న బెంగ అక్కర్లేదు. మా పక్కన అలబామా నుంచి వచ్చిన పెద్ద దంపతులు కూర్చున్నారు. మా మావయ్యగారు ఎర్రన్నంలో బెండకాయ కలుపుకుని తింటుంటే ఆవిడ చూసి, తన చిన్నప్పుడు వాళ్లమ్మ కూడా అలాగే కలిపి పెట్టేదని చెప్పింది. మావయ్యగారిది కాకినాడ. "ఇదంతా మన తిండేనమ్మా, కాస్త పచ్చిమిర్చి తగలాలి అంతే" అన్నారు. బల్ల మీద ఉన్న హాట్ సాస్ ఆ లోటు తీర్చింది. తినడం అయ్యాక ఎవరి ప్లేటు వాళ్లే తీసుకెళ్లి వంటింటి దగ్గర ఇవ్వాలి. మా పిల్లలకి అన్నిటికన్నా అదే నచ్చింది.

ఇక్కడ శాకాహారులకి ఒక ముఖ్యమైన హెచ్చరిక. దక్షిణాది రాష్ట్రాల వంటలో ఆకుకూర, బీన్స్, బొబ్బర్లు పైకి కూరగాయల్లాగే కనిపిస్తాయి. కానీ పాత పద్ధతిలో వాటిని పొగబెట్టిన పంది ఎముకతోనో, బేకన్‌తోనో ఉడికిస్తారు. ఎర్రన్నంలో కూడా బేకన్ గానీ సాసేజ్ గానీ పడుతుంది. బిస్కెట్లలో పంది కొవ్వు వాడేవాళ్లూ ఉన్నారు. "వెజిటేరియనా?" అని అడిగితే చాలాసార్లు "అవును, మాంసం ముక్కలు లేవు" అనే జవాబు వస్తుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్ల లెక్కలో అంతే. అందుకని "పంది మాంసంతో ఉడికించారా? చికెన్ స్టాక్ వేశారా?" అని విడివిడిగా అడగండి. మా అత్తయ్యగారు కొన్నేళ్లుగా మాంసం మానేశారు. ఆవిడతో వెళ్లినప్పుడు మేము ఫాక్స్ అండ్ ఫిగ్ అనే కేఫ్‌కి వెళ్లాం. అక్కడ అంతా వీగన్, దేనికీ అనుమానం పడాల్సిన పని లేదు. పాలు, వెన్న కూడా ఉండవు గనక కాఫీ మన రుచికి కాస్త తేడాగా ఉంటుంది. టిఫిన్‌కి మిగతా చోట్ల గ్రిట్స్ అడగొచ్చు. తెల్ల మొక్కజొన్న రవ్వని జారుగా ఉడికించి వెన్న, ఉప్పు వేసి ఇస్తారు. స్టాక్‌లో ఉడికించలేదని కనుక్కుంటే చాలు, అత్తయ్యగారు మిరియాల పొడి చల్లుకుని తృప్తిగా తిన్నారు.

రివర్ స్ట్రీట్ చూడాల్సిందే, తప్పదు. పాత పత్తి గోదాములు, ఓడల అడుగున బరువు కోసం వేసుకొచ్చిన రాళ్లతో పరిచిన బాటలు. నది అంత వెడల్పు ఉండదు కాబట్టి రేవుకి వెళ్లే కంటైనర్ ఓడలు ఒడ్డుకి చాలా దగ్గరగా కదులుతాయి. మనం బెంచీ మీద కూర్చుని ఉండగా ఎదురుగా అపార్ట్‌మెంట్ బ్లాకంత ఓడ చప్పుడు లేకుండా జరిగిపోతుంటే పిల్లలే కాదు, పెద్దవాళ్లు కూడా నోరు తెరుచుకుని చూస్తారు. అవతలి ఒడ్డుకి ఉచిత ఫెర్రీ ఉంది, అదీ ఎక్కండి. పై వీధి నుంచి రివర్ స్ట్రీట్‌కి దిగే రాతిమెట్లు బాగా నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లని లిఫ్టులోనే తీసుకెళ్లండి.

భోజనానికి మాత్రం రివర్ స్ట్రీట్‌ని నేను సిఫార్సు చేయను. నది కనిపించే బల్లకి డబ్బు కడుతున్నట్టే ఉంటుంది చాలా చోట్ల. ఒకచోట రొయ్యల వేపుడు తెప్పించుకుంటే పిండిపూత మందంగా, లోపల రొయ్య రబ్బరులా ఉంది. ఎక్కడివని అడిగితే ఫ్రోజెన్ అని ఒప్పుకున్నారు. అమెరికా దిగుమతి చేసుకునే రొయ్యల్లో ఏళ్ల తరబడి అతిపెద్ద వాటా ఇండియాదే, ఇండియాలో ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశ్. అంటే భీమవరం చెరువులో పెరిగిన రొయ్య కోసం జార్జియా తీరానికి వచ్చి డబ్బు పెట్టే అవకాశం బాగానే ఉంది! మన రొయ్య తక్కువని కాదు. తీరానికి వచ్చినప్పుడు అక్కడి సముద్రంలో అప్పుడే పట్టిన రొయ్య రుచి వేరు. "వైల్డ్ జార్జియా ష్రింప్" ఉందా అని అడగండి. వేసవి నుంచి డిసెంబరు దాకా వేట బాగా సాగుతుంది. ఆ రొయ్యలో ఒక సన్నని తీపి ఉంటుంది, మసాలా లేకపోయినా తినబుద్ధేస్తుంది.

ఆ రొయ్యల్ని లో కంట్రీ బాయిల్‌లో తినాలి. రొయ్యలు, మొక్కజొన్న పొత్తులు, బంగాళాదుంపలు, సాసేజ్ అన్నీ ఒకే గుండిగలో మసాలా నీళ్లలో ఉడికించి వంచేసి పెడతారు. సాసేజ్ వద్దనుకుంటే ముందే చెప్పాలి. ఊరికి 18 మైళ్ల దూరంలో ఉన్న టిబీ దీవికి వెళ్తున్నప్పుడు క్రాబ్ షాక్‌లో ఆగండి. చెట్ల కింద బల్లలు, బల్ల మధ్యలో చిప్పలు పారేయడానికి గుంట, పక్కనే మొసలి పిల్లలున్న కొలను. చేతులతోనే తినాలి, పీత కాళ్లు కొరికి పీల్చుకుంటే ఎవరూ తప్పుగా చూడరు. రుచి ఊళ్లో మంచి చోట్ల కంటే ఒక మెట్టు తక్కువే, కానీ పిల్లలతో అయితే ఇదే హాయి. టిబీకి ఉన్న రోడ్డు ఒక్కటే, సముద్రం బాగా పోటెక్కిన రోజుల్లో దాని మీదికి నీళ్లు వస్తాయి. బయల్దేరే ముందు చూసుకోండి.

కాస్త తయారై వెళ్లే డిన్నర్ కావాలంటే రెనాల్డ్స్ స్క్వేర్‌లోని ఓల్డ్ పింక్ హౌస్. 1771 నాటి ఇల్లు. తెల్ల సున్నం పూతలోంచి కింది ఎర్ర ఇటుక రంగు పైకి ఊరి గోడలు గులాబీగా మారాయని చెబుతారు. పైన గదుల్లో భోజనం, కింద నేలమాళిగలో టావెర్న్, అంటే పాతకాలపు బార్. గాట్లు పెట్టి కరకరలాడేలా వేయించిన ఫ్లౌండర్ చేపకి ఈ ఇల్లు పేరు. మీద ఆప్రికాట్ సాస్ పోస్తారు. చేపకి తీపి ఏమిటని అనిపించింది గానీ, గాట్లలోకి ఉప్పు, పులుపు దిగి ఆ తీపిని సరిగ్గా ఆపాయి. వారాల ముందే బుక్ చేసుకోవాలి.

ద గ్రే గురించి కూడా ఇలాగే పొడుగ్గా రాయాలని ఉంది. 1938లో కట్టిన గ్రేహౌండ్ బస్‌స్టేషన్‌ని రెస్టారెంట్‌గా మార్చారు. నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ వేర్వేరు వెయిటింగ్ గదులు ఉండే రోజుల్లో నడిచిన స్టేషన్ అది. ఇప్పుడు అక్కడ వంటింటిని నడిపేది మషామా బెయిలీ అనే నల్లజాతి చెఫ్. 2022లో అమెరికా వంటల రంగంలో పేరున్న జేమ్స్ బియర్డ్ అవార్డుల్లో దేశంలోనే అత్యుత్తమ చెఫ్‌గా ఎంపికయ్యారు. మెనూ తరచుగా మారుతుంది గనక ఫలానాది తినండి అని చెప్పలేను. ఖరీదు ఎక్కువ, పిల్లలకి ఓపిక ఉండదు. పెళ్లిరోజుకో, ఇద్దరే వెళ్లినప్పుడో పెట్టుకోండి.

తీపి విషయానికొస్తే బ్రాటన్ స్ట్రీట్‌లోని లియోపోల్డ్స్ ఐస్‌క్రీం. గ్రీస్ నుంచి వచ్చిన అన్నదమ్ములు 1919లో మొదలుపెట్టారు. లైన్ చూసి బెదరకండి, త్వరగా కదులుతుంది. బటర్ పెకాన్ నా ఓటు. టూటీ ఫ్రూటీ ప్రసిద్ధం గానీ అది రమ్ రుచితో చేసేది, పిల్లలకి ఇప్పించేముందు కనుక్కోండి. రివర్ స్ట్రీట్‌లో ప్రలీన్లు (పెకాన్ గింజలు, పంచదారతో చేసే మిఠాయి) చేసే కొట్ల ముందు వేడి ముక్క ఉచితంగా చేతిలో పెడతారు. ఒక ముక్క చాలు, తీపి చాలా ఎక్కువ. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే ఇంకో మాట: అక్కడ టీ అడిగితే వచ్చేది పంచదార బాగా కలిపిన చల్లటి స్వీట్ టీ. "అన్‌స్వీట్" అని గట్టిగా చెప్పాలి.

బస సంగతి. ఊరికి పది మైళ్ల అవతల పూలర్‌లో హోటళ్లు చవక, పార్కింగ్ ఉచితం. మొదట్లో మేమూ అక్కడే దిగేవాళ్లం. ఇప్పుడు మాత్రం హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లోనే, ఒక్క రాత్రి తగ్గించుకునైనా సరే, ఉంటున్నాం. పైన చెప్పిన చోట్లన్నీ, టిబీ తప్ప, నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఉన్నాయి. పాత ఊళ్లో 22 స్క్వేర్లు, అంటే వీధుల మధ్య చిన్న చిన్న పార్కులు, మిగిలాయి, ప్రతిదాంట్లో నీడ, బెంచీలు. పెద్దవాళ్లు కూర్చుంటూ లేస్తూ నది నుంచి ఫోర్సైత్ పార్క్ దాకా రాగలరు. అలిసిపోతే డాట్ అనే ఉచిత షటిల్ బస్సు ఉంది. హోటల్ పార్కింగ్‌కి రోజువారీ ఛార్జి వేరే పడుతుంది, గది ధరలో ఉందనుకోకండి. పాత భవనాల్లోని హోటళ్లలో చెక్క నేల కిర్రుమంటుంది, పై గదిలో నడిచేవాళ్ల అడుగులు వినిపిస్తాయి. నిద్ర పల్చగా పట్టేవాళ్లు పై అంతస్తు అడగండి.

తిరుగు ప్రయాణంలో వసంతకాలం అయితే 16 మీద కాసేపు పక్కకి దిగండి. దారి విడాలియా ప్రాంతం గుండా వెళ్తుంది, ఆ తియ్యటి ఉల్లిపాయలకి ఆ పేరు పెట్టడానికి చట్టం ప్రకారం అక్కడి కొన్ని కౌంటీల్లో పండినవే అయి ఉండాలి. రోడ్డుపక్క స్టాళ్లలో సంచీల్లో అమ్ముతారు. కూరకి తీపెక్కువ, పెరుగు పచ్చడికి, పకోడీకి బ్రహ్మాండం. అవే స్టాళ్లలో పెద్ద గుండిగల్లో వేరుశనక్కాయలు ఉప్పునీళ్లలో ఉడుకుతుంటాయి. కేజన్ మసాలావి (లూసియానా తరహా కారం మసాలా), మామూలువి రెండూ ఉంటాయి. మామూలువే తీసుకోండి, పెద్ద కప్పు. చిన్న కప్పు మేకన్ దాకా కూడా రాదు.