ట్రూనాస్ సమీక్ష: సర్వర్‌లో డిస్క్ సైజు ఎందుకు తక్కువగా కనిపిస్తుంది?

స్టోరేజీలో మూడు టెరాబైట్లు ఇచ్చినా సర్వర్ రెండే వాడుకోనిస్తోందన్న ఫిర్యాదు, నెట్‌వర్క్ ద్వారా స్టోరేజీ అందించే ట్రూనాస్ సాఫ్ట్‌వేర్ మీద తరచూ వినిపిస్తుంది. మా కార్యాలయంలోని బ్యాకప్ సర్వర్లకు ఐ-స్కజీ (నెట్‌వర్క్ మీదుగా డిస్కును అందించే పద్ధతి) ద్వారా దీని నుంచే డిస్కులు ఇస్తున్నాం. నేను చూసినంతవరకు ఆ నింద దీనికి చెందదు. దీని అడుగున పనిచేసే జెడ్‌ఎఫ్‌ఎస్ 128 బిట్ల ఫైల్ సిస్టమ్ కాబట్టి, మామూలు సంస్థలు దాని గరిష్ఠ పరిమాణం దరిదాపులకైనా వెళ్లవు.

అడ్డు సాధారణంగా సర్వర్ వైపే ఉంటుంది. డిస్కులోని భాగాల (పార్టిషన్ల) వివరాలుండే పాత ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్, సెక్టార్ (డిస్కులోని అతి చిన్న ముక్క) సంఖ్యను 32 బిట్లలోనే రాస్తుంది కనుక, 512 బైట్ల సెక్టార్లున్న డిస్కులో 2 టెబీబైట్లకు (సుమారు 2.2 టెరాబైట్లకు) మించిన పార్టిషన్ సాధ్యం కాదు. లినక్స్‌లో పార్టిషన్లు చేసే ఎఫ్‌డిస్క్ ఉపకరణం తెరిస్తే, 2199023255040 బైట్లు దాటిన డిస్కుకు డాస్ టేబుల్ (అంటే ఎంబీఆరే) పనికిరాదనీ, కొత్త తరహా పట్టిక అయిన జీపీటీ వాడమనీ అదే హెచ్చరిస్తుంది. బ్యాకప్ తీసుకున్నాక ఎస్‌జీడిస్క్ అనే ఉపకరణంతో డేటా పోకుండానే జీపీటీకి మారవచ్చు. బూట్ డిస్క్ అయితే మాత్రం బూట్‌లోడర్ (సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) సంగతి ముందే చూసుకోవాలి.

ట్రూనాస్‌లో నాకు బాగా నచ్చిన అంశం, ఎక్స్‌టెంట్ (సర్వర్‌కు డిస్కుగా ఇచ్చే భాగం) లాజికల్ బ్లాక్ సైజును, అంటే సర్వర్‌కు కనిపించే సెక్టార్ సైజును, 512 నుంచి 4096 బైట్ల వరకు మనమే ఎంచుకోగలగడం. 4096 ఎంచుకుంటే ఎంబీఆర్ హద్దు కూడా 16 టెబీబైట్లకు పెరుగుతుంది. అయితే ఈ నిర్ణయం డేటా రాయకముందే జరగాలి, ఎందుకంటే 512 లెక్కన రాసిన పార్టిషన్ టేబుల్‌ను ఆ తర్వాత 4096 లెక్కన చదవబోతే సర్వర్‌కు అది అర్థం కాదు.

డిస్కును పెంచడం ట్రూనాస్‌లో తేలికే. జెడ్‌వాల్ (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో డిస్కులా వాడే వాల్యూమ్) సైజు మార్చి సేవ్ చేస్తే చాలు. ఆ తర్వాతి పనంతా సర్వర్‌ది. ఐ-స్కజీ సెషన్‌ను రీస్కాన్ చేయాలి, డిస్కు పాత చివరలోనే మిగిలిపోయిన జీపీటీ బ్యాకప్ హెడర్‌ను (ఆ పట్టిక నకలును) కొత్త చివరకు జరపాలి, పార్టిషన్‌ను, ఆపైన ఫైల్ సిస్టమ్‌ను పెంచాలి. వీటిలో ఏ ఒక్కటి వదిలినా పాత సైజే కనిపిస్తుంది. 16 టెబీబైట్ల దగ్గర మరో అడ్డు ఎదురవుతుంది: 4 కేబీ బ్లాకులతో, 64 బిట్ సదుపాయం లేకుండా తయారైన పాత ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్ సిస్టమ్) అక్కడే ఆగిపోతుంది. 4 కేబీ క్లస్టర్లతో ఫార్మాట్ చేసిన ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్)ది కూడా అదే హద్దు. అందువల్ల పెద్ద విండోస్ వాల్యూమ్‌కు మొదటే 64 కేబీ క్లస్టర్ ఎంచుకోవడం మంచిది.

జెడ్‌వాల్‌ను కుదించడానికి ట్రూనాస్ తెర ఒప్పుకోదు. డేటా పోయే ప్రమాదం ఉంది కాబట్టి అది సరైన పట్టుదలే. పూల్ (డిస్కులన్నీ కలిపిన మొత్తం నిల్వ) స్థలంలో 80 శాతానికి మించి కేటాయించబోయినా, ఫోర్స్ సైజ్ గుర్తు పెడితే తప్ప ముందుకు పోనివ్వదు. ఆ గుర్తు జోలికి వెళ్లవద్దనే నా సలహా. స్పార్స్ జెడ్‌వాల్ (స్థలాన్ని ముందే కేటాయించకుండా, రాసినకొద్దీ తీసుకునేది) వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి: పూల్ నిండిన రోజున సర్వర్‌లో ఖాళీ ఉన్నట్టు కనిపిస్తూనే రాతలు విఫలమవుతాయి. కనుక నిఘా పెట్టవలసింది సర్వర్ చూపే ఖాళీ మీద కాదు, పూల్ వాడకం మీద.