మూడు రోజులు, రెండు ఫెయిరింగులు, ఒక వదులు బేరింగు

బావకీ నాకూ ఈ గొడవ చాలాకాలంగా నడుస్తోంది. లాంగ్ టూర్‌కి ఏ మోటార్‌సైకిల్ మేలు? ఫెయిరింగ్‌ని, అంటే గాలి నేరుగా కొట్టకుండా ముందుండే కవచాన్ని, ఫోర్కులకు (ముందు చక్రాన్ని పట్టుకునే గొట్టాలకు) బిగించి, హ్యాండిల్‌తో పాటు తిరిగేదా? ఫ్రేముకు బిగించి, హ్యాండిల్ ఎటు తిప్పినా కదలకుండా నిలబడేదా? బావది ఈ రెండోదాని పక్షం. మాటలతో తేలేది కాదని ఈసారి ఒక్కోటి అద్దెకు తీసుకున్నాం. మూడు రోజులు, సుమారు 1100 కిలోమీటర్లు, పెట్రోల్ కోసం ఆగిన ప్రతిసారీ బండ్లు మార్చుకోవాలని ఒప్పందం. రెండిటి ఇంజిన్లూ బరువులూ దగ్గర దగ్గర. పేర్లు చెప్పను. దారిలో వచ్చిన తంటా కంపెనీలది కాదు, అద్దెకిచ్చినవాళ్లది.

మొదటి మార్కులు పార్కింగ్‌లోనే పడ్డాయి, అదీ తప్పుగా. ఫోర్కు ఫెయిరింగ్ బండి ఎక్కగానే సొంత బండిలా అనిపించింది. హ్యాండిల్ తిప్పితే అద్దాలు, మీటర్లు, విండ్‌స్క్రీన్ అన్నీ తిరుగుతాయి, కళ్లకు అలవాటైన వ్యవహారమే. రెండో బండి మీద యూ టర్న్ కొట్టబోతే గుండె జారింది. హ్యాండిల్ చివరిదాకా తిప్పాను, ఎదురుగా ఉన్న పెద్ద ముక్కు మాత్రం గోడవైపే చూస్తోంది. బండి తిరుగుతోందని కాళ్లకు తెలుస్తోంది, కళ్లు ఒప్పుకోవడం లేదు. "ముక్కు చూడకురా, పోవాల్సిన చోటు చూడు" అని బావ వెనకనుంచి అరిచాడు. నాలుగు రౌండ్లు కొట్టాక ఆ భయం పోయింది. అప్పుడు ఇంకో సంగతి తెలిసింది. ఈ బండి హ్యాండిల్ తేలిక. ఫోర్కుల మీద ఫెయిరింగు, స్పీకర్లు, స్క్రీను బరువు లేదు కదా.

ఆ బరువు ఎక్కడ బయటపడుతుందో మొదటి రాత్రి బసలో చూశాం. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, మనుషులు మంచివాళ్లు. కానీ పార్కింగ్ మొత్తం కంకర, పైగా వాలు. ఫోర్కు ఫెయిరింగ్ బండిని హ్యాండిల్ పూర్తిగా తిప్పి వెనక్కి నెడుతుంటే, ముందున్న బరువంతా తిప్పిన వైపే పడిపోవాలని చూస్తుంది. ఒక చెయ్యి ఆపుతుంటే ఇంకో చెయ్యి నెట్టాలి. రెండో బండి కూడా బరువే, కానీ హ్యాండిల్ మొరాయించదు. ఆ బసకి గదికి తొమ్మిది, పార్కింగ్‌కి రెండు మార్కులు వేస్తాను. ఇంత బరువున్న బండ్లతో వెళ్లేవాళ్లు గది ఫొటోలు కాదు, పార్కింగ్ ఫొటో అడగాలి.

అసలు కథ అంతకుముందే, మొదటి మధ్యాహ్నం మొదలైంది. చెట్టూ చేమా లేని బయలు, సూటి రోడ్డు, ఎడమనుంచి తెరలు తెరలుగా పక్కగాలి. నేను ఫోర్కు ఫెయిరింగ్ మీద ఉన్నాను. గాలి తెర కొట్టినప్పుడల్లా హ్యాండిల్ చేతుల్లో చిన్నగా గుంజుకుంటోంది. ఫెయిరింగ్ వెడల్పుగా ఉంటుంది, అది పట్టిన గాలి నేరుగా ఫోర్కుల మీదికి, అక్కడినుంచి మన మణికట్ల మీదికి వస్తుంది. భయపడి గట్టిగా పట్టుకున్నాను. అది ఇంకా తప్పు. బిగపట్టిన చేతులతో మన ఒళ్లు ఊగే ఊపు కూడా హ్యాండిల్‌కే చేరుతుంది. లారీని దాటేటప్పుడు చూడాలి. పక్కన ఉన్నంతసేపు గాలి ఆగిపోతుంది, లారీ ముక్కు దాటగానే ఒక్కసారిగా వచ్చి చెంపమీద కొట్టినట్టు కొడుతుంది. ఫ్రేము ఫెయిరింగ్‌కి ఆ దెబ్బ తగలదని కాదు. తగులుతుంది, బండి మొత్తం అడుగు పక్కకి జరిగినట్టు ఉంటుంది. కానీ హ్యాండిల్ నిశ్శబ్దంగా ఉంటుంది. జరిగిన బండిని మళ్లీ తెచ్చుకోవడం వేరు, చేతుల్లో వణికే బండిని పట్టుకోవడం వేరు.

అయితే నా బండి వణుకు కాస్త ఎక్కువగానే ఉంది. 100 దాటితే గాలి లేనిచోట కూడా సన్నగా ఊగుతోంది, ముందు బ్రేకు వేస్తే ఎక్కడో "టక్" మంటోంది. అద్దెకిచ్చినచోటికి ఫోన్ చేస్తే, "ఫోర్కు ఫెయిరింగ్ బండ్లన్నీ అంతే సార్, అలవాటైపోతుంది" అన్నారు. బావకి పండగ. "నేను ముందే చెప్పలేదా!" అని రాత్రంతా అదే పాట.

రెండో రోజు పొద్దున్నే దారిలో ఒక చిన్న షెడ్డులో ఆగాం. మెకానిక్ పెద్దాయన మాటలేవీ వినలేదు. బండిని జాకీ మీద పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపాడు, ఫోర్కుల అడుగుభాగం రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగాడు. వేలిని పైన హ్యాండిల్ మెడ దగ్గర పెట్టి చూడమన్నాడు. చూశాను. లోపల ఏదో కొంచెం కదిలి తగులుతోంది, సందు వేలికి తెలుస్తోంది. తర్వాత హ్యాండిల్‌ని నడిమధ్యనుంచి కాస్త తోసి వదిలాడు. అది పడిపోయి, ఎదురుగా కొట్టుకుని, ఉయ్యాలలా ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టి తల అడ్డంగా ఆడించాడు. స్టీరింగ్ హెడ్ బేరింగు, అంటే హ్యాండిల్ మెడ తిరిగే చోట ఉండే బేరింగు, వదులు. ఫోర్కుల మీద ఫెయిరింగ్ బరువు మోసే బండికి ఈ బేరింగ్ సర్దుబాటు సమయానికి చూడకపోతే మొదట తెలిసేది ఇక్కడేనట. "ఫెయిరింగ్‌ని ఎందుకు తిడతారు, ఈ నట్టుని ఎవరూ చూడలేదు" అన్నాడు. అరగంట పని.

ఆ అరగంట నా మొదటిరోజు తీర్పుని సగం కొట్టేసింది. ఊగడం పోయింది, "టక్" పోయింది. పక్కగాలికి గుంజడం మాత్రం మిగిలింది, తక్కువగా. అది ఫెయిరింగ్ సొంత గుణం. అద్దె బండి మీద గంట తిరిగి "ఈ రకమే అంత" అని తేల్చేసేవాళ్లను నేనిక నమ్మను. అందులో మొదటివాణ్ని నేనే.

తల మీద పడే గాలి దెబ్బల గురించి కూడా మేమిద్దరం తప్పుగా వాదించుకుంటున్నామని ఆ మధ్యాహ్నమే తెలిసింది. బావ నాకంటే అరడుగు పొడుగు. ఒకే బండి మీద నాకు చెవుల్లో ప్రశాంతంగా ఉంటే, ఆయన హెల్మెట్‌ని ఎవరో రెండు చేతులతో ఊపుతున్నట్టు ఉందట. విండ్‌స్క్రీన్ పైఅంచు దాటి వచ్చే గాలి తలకి సరిగ్గా ఎక్కడ తగులుతుందన్నదే లెక్క. దానితోపాటు స్క్రీన్ వెనక గాలి పలచబడి ఒక ఖాళీ ఏర్పడుతుంది, చుట్టూ ఉన్న గాలి అందులోకి సుడులు తిరుగుతూ దూకుతుంది. ఫెయిరింగ్ మధ్యలో గాలి కంతలు పెట్టేది ఆ ఖాళీని నింపడానికే. కంత తెరిచి చూశాం, మూసి చూశాం, తేడా హెల్మెట్‌లో వినపడుతుంది. ఫెయిరింగ్ ఎక్కడ బిగించారన్నది చేతుల సంగతి, స్క్రీన్ ఎత్తు తల సంగతి. ఇన్నాళ్లూ రెండూ కలిపి పోట్లాడుకున్నాం.

రెండో రాత్రి కొండమీద బస. రేకుల షెడ్డులో బండ్లు పెట్టుకోనిచ్చారు, కడుక్కోవడానికి పైపు కూడా ఇచ్చారు. గది ఇరుకు, ఎవరికి కావాలి? అక్కడ కూర్చుని బావ చరిత్ర విప్పాడు. హార్లీ డేవిడ్‌సన్‌వాళ్లు గబ్బిలం రెక్కల ఆకారంలో బ్యాట్‌వింగ్ ఫెయిరింగ్‌ని ఎలక్ట్రా గ్లైడ్ బండి మీద 1969లో పెట్టారు, అది ఫోర్కులకు. 1976లో బీఎండబ్ల్యూ ఆర్100ఆర్ఎస్ విండ్ టన్నెల్‌లో (గాలి వదిలి పరీక్షించే సొరంగంలో) దిద్దిన ఫ్రేము ఫెయిరింగ్‌తో వచ్చింది. 1980 మోడల్ టూర్ గ్లైడ్‌తో హార్లీ కూడా ఫ్రేముకు బిగించింది, 1998లో వచ్చిన రోడ్ గ్లైడ్ దాని వారసుడే. హోండా గోల్డ్‌వింగ్ ఇంటర్‌స్టేట్‌కీ 1980లో ఫ్యాక్టరీనుంచే ఫ్రేము ఫెయిరింగ్. "చూశావా, అందరూ ఎటు వెళ్లారో!" అన్నాడు. మరి బ్యాట్‌వింగ్‌ని హార్లీ ఈనాటికీ ఎందుకు వదల్లేదని అడిగితే, నిద్రొస్తోందన్నాడు.

మూడో రోజు దిగుడు, హెయిర్‌పిన్లు, తెల్లారకముందే బయల్దేరాం. ఇక్కడ బ్యాట్‌వింగ్ రకం ఒక చిన్న పందెం గెలిచింది. నడక వేగంలో మలుపు తిరుగుతుంటే హెడ్‌లైట్ కూడా హ్యాండిల్‌తో తిరిగి మలుపు లోపలివైపు కొంచెం ముందుగా చూపిస్తుంది. ఫ్రేము బండి లైటు ఎదురుగా ఉన్న లోయకే వెలుగిస్తుంది. వేగం పెరిగితే ఈ తేడా ఉండదు, అక్కడ బండిని వాల్చి తిప్పుతాం కాబట్టి హ్యాండిల్ తిరిగేది తక్కువే. మీటర్లు, టచ్‌స్క్రీను కూడా ఫోర్కు బండిలో దగ్గర. ఫ్రేము బండిలో గ్లౌజు వేసుకుని టచ్‌స్క్రీన్ నొక్కాలంటే ముందుకు వంగాలి, నా చేతులు పొట్టి.

వాన గంటసేపే పడింది. రెండూ ఒళ్లు దాదాపు తడవనివ్వలేదు, మోకాళ్లు రెండిటి మీదా తడిశాయి. దాని గురించి ఇంతకుమించి చెప్పేదేం లేదు.

బండ్లు అప్పగించేటప్పుడు బేరింగ్ సంగతి చెప్పాను. కౌంటర్ దగ్గరి కుర్రాడు రాసుకున్నాడు, మెకానిక్‌కి కట్టిన డబ్బు మారుమాట లేకుండా వెనక్కిచ్చాడు. ఫోన్‌లో "అలవాటైపోతుంది" అన్న మనిషి మాత్రం కనపడలేదు. సర్వీసుకి అయిదు మార్కులు వేద్దామనుకుని, తిరిగొచ్చిన డబ్బు చూసి ఆరు చేశాను. పక్కగాలి ఉన్న బయలు దారికైతే నా ఓటు ఫ్రేము ఫెయిరింగ్‌కే. వచ్చే ట్రిప్పుకి ఒకే రకం రెండు తీసుకుందామన్నాను. బావ హెల్మెట్ తీస్తూ, తనకి ఫోర్కుదే కావాలన్నాడు, ఆ మలుపుల్లో లైటు బాగుందట.