దేశాభిమానం: అమెరికా పద్ధతా, జర్మనీ పద్ధతా, నార్వే పద్ధతా? మనకు ఏది మేలు?

విశాఖలో నేవీ డే విన్యాసాలు జరిగే సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. గాజువాక, పెందుర్తి, అనకాపల్లి నుంచి పిల్లాపాపలతో వస్తారు. కమాండోలు హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని దిగుతుంటే పిల్లలు కేరింతలు కొడతారు, పెద్దవాళ్ల ఒళ్లు పులకరిస్తుంది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ తీరానికి దగ్గరలోనే కాబట్టి, ఆ గర్వానికి ఇక్కడ గట్టి కారణమే ఉంది.

ఇంత ఉత్సాహం అన్ని దేశాల్లోనూ కనిపించదు. డబ్బున్న దేశాల్లో ఎక్కువ, లేని దేశాల్లో తక్కువ అనుకుందామంటే ఆ లెక్కా కుదరదు. జర్మనీ, జపాన్ రెండూ సంపన్న దేశాలే. అయినా 'మీ దేశాన్ని చూసి గర్విస్తున్నారా' అని సర్వేల్లో అడిగితే అక్కడివాళ్లు ఆచితూచి జవాబిస్తారు.

2003-04లో ముప్పైకి పైగా దేశాల్లో జరిగిన ఒక అంతర్జాతీయ సామాజిక సర్వే ఈ గర్వాన్ని విడదీసి అడిగింది. ప్రజాస్వామ్యం, ఆర్థిక విజయాలు, సామాజిక భద్రత, సైన్స్, క్రీడలు, కళలు, సైన్యం, చరిత్ర, ప్రపంచంలో పలుకుబడి, అన్ని వర్గాలనూ సమానంగా చూడటం, ఇలా పది విషయాల్లో. అమెరికా, వెనిజులా అన్నిటికన్నా ముందున్నాయి. పాత తూర్పు జర్మనీ ప్రాంతం, ఒకప్పటి కమ్యూనిస్టు దేశాలు కొన్ని బాగా కిందన నిలిచాయి. ఇందులో నాకు ఆశ్చర్యం లేదు. 1990లో తూర్పు జర్మనీ అనే దేశమే లేకుండా పోయింది. జెండా, పాఠ్యపుస్తకాలు, డబ్బు నోట్లు, అన్నీ ఒక్క తరంలోనే మారిపోయినవాళ్లు దేన్ని చూసి గర్వపడాలి? దేశం ఎలా పుట్టింది, చివరి పెద్ద యుద్ధంలో గెలిచిందా ఓడిందా, బడిలో పిల్లలకు ఏం చెబుతున్నారు, ఈ మూడింటి మీదే చాలావరకు ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం.

అమెరికా సంగతి చూద్దాం. అక్కడ అందరికీ ఒకే పూర్వీకులు లేరు, ఒకే మతం లేదు. కలిపి ఉంచేది రాజ్యాంగం, జెండా, ఒక ప్రమాణం. బడిలో పిల్లలు జెండాకు విధేయత ప్రకటించే ఆ ప్రమాణాన్ని 1892లో రాశారు. ఈ పద్ధతిలో ఒక గొప్ప మేలు ఉంది: నిన్న వచ్చినవాడు కూడా రేపు ఆ దేశంవాడు కావచ్చు. మన సీతమ్మధార నుంచో ఎంవీపీ కాలనీ నుంచో వెళ్లి డల్లాస్‌లో స్థిరపడిన కుటుంబం జులై 4న ఇంటి ముందు జెండా పెడితే ఎవరూ వింతగా చూడరు. జర్మనీలోనో జపాన్‌లోనో అది అంత తేలిక కాదు.

కానీ ప్రమాణాలతో నిలబెట్టిన గర్వానికి బలవంతం పక్కనే ఉంటుంది. జెండాకు వందనం చేయని పిల్లల్ని బళ్ల నుంచి పంపేస్తే, అలా బలవంతపెట్టకూడదని 1943లో, యుద్ధం జరుగుతున్న రోజుల్లోనే, అమెరికా సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మన దగ్గరా ఇలాంటిదే జరిగింది. కేరళలో జాతీయ గీతం పాడుతున్నప్పుడు మర్యాదగా లేచి నిలబడి, మత విశ్వాసం వల్ల గొంతు కలపని ముగ్గురు పిల్లల్ని బడి నుంచి తీసేశారు. 1986లో మన సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. అమెరికా పద్ధతిలో ఇంకో బలహీనత ఈమధ్య బయటపడింది. రిపబ్లికన్ పార్టీ అధికారంలో ఉన్న 2025లో గాలప్ అనే సర్వే సంస్థ అడిగితే రిపబ్లికన్లలో 92 శాతం మంది దేశాన్ని చూసి ఎంతో గర్విస్తున్నామన్నారు, డెమోక్రాట్లలో 36 శాతమే అలా అన్నారు. గద్దె మీద ఎవరున్నారన్నదాన్ని బట్టి దేశం మీద గర్వం పెరిగి తగ్గుతుంటే, అది దేశాభిమానం ఎలా అవుతుంది? అది పార్టీ అభిమానం.

జర్మనీ దీనికి పూర్తిగా ఎదురు. 1945 తర్వాత పుట్టిన తరాలు తల్లిదండ్రుల్ని, తాతల్ని 'నాజీల కాలంలో నువ్వేం చేశావు' అని నిలదీస్తూ పెరిగాయి. బెర్లిన్ నడిబొడ్డున, బ్రాండెన్‌బర్గ్ గేటుకు నాలుగడుగుల దూరంలో, నాజీలు చంపిన యూదుల కోసం 2,711 కాంక్రీటు దిమ్మెలతో స్మారకం కట్టి 2005లో తెరిచారు. తమ విజయాల కోసం కాదు, తమ నేరాల కోసం దేశ రాజధానిలో అంత చోటు ఇచ్చుకున్న దేశాలు అరుదు. ఊళ్లలో ఇళ్ల ముందు ఫుట్‌పాత్‌లోనే చిన్న ఇత్తడి పలకలు ఉంటాయి. ఆ ఇంట్లో ఉండి, నాజీల చేతుల్లో బలైనవారి పేరు వాటి మీద చెక్కి ఉంటుంది. జాతిని చూసి కాదు, రాజ్యాంగాన్ని చూసి గర్విద్దాం అని అక్కడి మేధావులు వాదించారు. 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్ అక్కడ జరిగినప్పుడు జనం కార్లకు జెండాలు కట్టుకుంటే, ఇది సబబేనా అని పెద్ద చర్చే నడిచింది.

ఈ నిజాయితీ అంటే నాకు ఎంతో గౌరవం. అయినా దాన్ని పూర్తిగా మనం తెచ్చుకోలేం, తెచ్చుకోకూడదు కూడా. వాళ్ల జాతీయత పక్క దేశాలను ఆక్రమించడానికి వాడుకున్నది. మనది ఆక్రమించినవాణ్ని పంపించడానికి పుట్టింది. పైగా మామూలు మనుషులు దేశం మీద ప్రేమ గురించి మాట్లాడటానికి జంకే చోట, ఆ మాటను అతివాదులు ఎత్తుకుపోతారు. జర్మనీలో ఇప్పుడు ఆ భయం గట్టిగానే ఉంది. జపాన్‌లోనూ యుద్ధం తాలూకు ఇబ్బంది చాలాకాలం వెంటాడింది. జెండాకు, గీతానికి చట్టం చేసింది 1999లోనే.

నార్వే జాతీయ దినం మే 17. 1814లో రాజ్యాంగం రాసుకున్న రోజు అది. ఆ రోజు వీధుల్లో ముందు నడిచేది ట్యాంకులు కాదు, బడిపిల్లలు. ఓస్లోలో వాళ్లు జెండాలు పట్టుకుని, బ్యాండు వాయిస్తూ రాజభవనం ముందు నుంచి వెళ్తుంటే రాజకుటుంబం చేతులూపుతుంది. నాజీలు ఆక్రమించిన 1940-45 మధ్య ఆ పండగను నిషేధించారు, అందుకే దానికి అంత విలువ. ఇందులో మిలిటరీ హంగు లేకపోయినా గర్వానికి కొదవ లేదు. దీనికీ ఒక మచ్చ ఉంది: ఉత్తరాన ఉండే సామి ఆదివాసుల పిల్లలకు బళ్లలో వాళ్ల భాష మాన్పించి నార్వే భాష రుద్దారు. 2024లో ఆ దేశ పార్లమెంటు దానికి క్షమాపణ చెప్పింది.

నన్ను అడిగితే నార్వే పద్ధతే మేలు, జర్మనీ నిజాయితీ దానికి తోడైతే. 'నార్వే చిన్న దేశం, చమురు డబ్బుంది, మనకు సరిహద్దుల్లో గొడవలున్నాయి' అని మా వీధిలో మాజీ నావికుడు ఒకాయన వాదిస్తారు. ఆ మాటలో నిజముంది. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊళ్లో కూర్చుని నౌకాదళాన్ని చూసి గర్వపడొద్దని నేను అనను. బీచ్‌లో మ్యూజియంగా మార్చిన కురుసురా జలాంతర్గామిలోకి పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లాలి. అక్కడితో ఆగిపోవడమే నాకు నచ్చదు.

ఎందుకంటే మన బడుల్లో రోజూ చెప్పే ప్రతిజ్ఞ పుట్టింది ఈ ఊళ్లోనే. చైనా యుద్ధం జరిగిన 1962లో, విశాఖలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు దాన్ని తెలుగులో రాశారు. దేశమంతా యుద్ధపు వేడిలో ఉన్నప్పుడు రాసినా అందులో శత్రువు ఊసే లేదు. భారతీయులందరూ సహోదరులు అంటుంది. దేశ వారసత్వ సంపద గర్వకారణం అంటుంది, వెంటనే దానికి అర్హత పొందడానికి కృషి చేస్తానంటుంది. గర్వాన్ని సంపాదించుకోవాలని ఇంత సూటిగా పిల్లలతో చెప్పించే ప్రమాణం ఉన్నందుకు నాకు నిజంగా గర్వంగా ఉంది.

సంపాదించుకున్నవీ ఇక్కడే ఉన్నాయి. 1948లో నెహ్రూ జలప్రవేశం చేయించిన జలఉష, స్వతంత్ర భారతంలో తయారైన మొదటి పెద్ద ఓడ, మన షిప్‌యార్డులోనే తయారైంది. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో జనం వీధుల్లోకి వచ్చారు, తుపాకీ గుళ్లకు ప్రాణాలిచ్చారు. 1970లో ప్రకటన వచ్చింది, 1992లో ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశారు. ఆ ఉక్కు కోసం భూములిచ్చిన ఊళ్లున్నాయి. భూమి పోయిన కుటుంబాలకు ఫ్యాక్టరీలో ఉద్యోగం కోసమని ఆర్ కార్డులు చేతికిచ్చారు గానీ, వాళ్లలో అందరికీ ఉద్యోగాలు రాలేదు. మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? జర్మనీ ఇత్తడి పలకల్లాగే ఆ ఊళ్ల పేర్లన్నీ చెక్కిన రాయి ఒకటి ఉక్కు ఫ్యాక్టరీ కూర్మన్నపాలెం గేటు దగ్గర కనబడాలి. ఆగస్టు 15న ఏదో ఒక బడి పిల్లలైనా జెండాలతో అక్కడిదాకా నడిచి, ఆ పేర్లను పైకి చదవాలి. ఏ బడి ముందుకొచ్చినా వాళ్లతో నడవడానికి నేను సిద్ధం.