సీలియాక్ ఉన్న గర్భిణికి మామూలు గైనకాలజిస్టు చాలా, హైరిస్క్ నిపుణులు కావాలా?

సీలియాక్ (గోధుమల్లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) ఉందనగానే హైరిస్క్ నిపుణుల (ప్రమాదం ఎక్కువున్న గర్భాలను చూసే డాక్టర్ల) దగ్గరికి పరుగెత్తక్కర్లేదు. అసలు చూడాల్సింది పేగు మానిందా లేదా అన్నది.

గ్లూటెన్ మానేసి ఏడాది దాటి, టీటీజీ-ఐజీఏ (సీలియాక్ యాంటీబాడీలను చూసే రక్తపరీక్ష) మామూలుకొచ్చి, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లోని ఐరన్ నిల్వ), బి12 బాగుంటే మామూలు గైనకాలజిస్టు చాలు. కాకపోతే మాత్రల సంగతి మీరే చూసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రల పదార్థాల జాబితాలో 'స్టార్చ్' అని మాత్రమే ఉంటే అది మొక్కజొన్నదో గోధుమదో కంపెనీని అడగాలి. ఆ రెండు మాత్రలూ కలిపి వేసుకోకూడదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

జబ్బు ఈమధ్యే బయటపడినా, యాంటీబాడీలు ఇంకా ఎక్కువగా ఉన్నా, ఇంతకుముందు గర్భస్రావాలైనా హైరిస్క్ నిపుణులే మేలు. పేగులోని విల్లైలు (పోషకాలను పీల్చుకునే సన్నని వేళ్లలాంటివి) దెబ్బతిని ఉంటే మింగిన ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. మోతాదు పెంచుకుంటూ పోతే మిగిలేది మలబద్ధకమే! హైరిస్క్ నిపుణులైతే మొదటి మూడు నెలలు దాటాక ఐరన్‌ను సెలైన్‌లా ఎక్కించే ఆలోచన చేస్తారు. బిడ్డ బరువు పెరుగుతోందో లేదో 28వ వారం నుంచి వరుస స్కాన్‌లతో గమనిస్తారు. తిరుగుడూ, పరీక్షలూ ఎక్కువే.

ఎవరైనా సరే, మొదటి విజిట్‌లోనే ఒకటి అడగండి: "ఫోలిక్ యాసిడ్ నాకు 400 మైక్రోగ్రాములు సరిపోతుందా, 5 మిల్లీగ్రాములు కావాలా?" పేగు రిపోర్టు చూడకుండా జవాబిచ్చేస్తే ఇంకొకరిని వెతుక్కోవచ్చు. గ్యాస్ట్రో డాక్టర్‌తో నేరుగా మాట్లాడే మామూలు గైనకాలజిస్టు, మాట్లాడని హైరిస్క్ నిపుణుల కంటే నయం.