కాలువ గట్టు నుంచి మీరామార్ దాకా: ఒక ట్రయథ్లాన్ సీజన్, నాలుగు బసలు

మిర్యాలగూడలో మా ఇంటికి సాగర్ ఎడమ కాలువ నడిచి వెళ్ళేంత దూరం. నీళ్ళు వదిలిన రోజుల్లో అన్నలిద్దరూ నడుముకు బెండ్లు కట్టుకుని దూకేవాళ్ళు. నేను గట్టు మీద కూర్చుని వాళ్ళ బట్టలకు కాపలా కాసేదాన్ని. ఆడపిల్లకు కాలువలో ఏం పని అని నానమ్మ ఒకసారి అన్నది, ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ముప్పై ఏడేళ్ళు వచ్చాక గచ్చిబౌలి స్టేడియం స్విమ్మింగ్ పూల్‌లో మొదటిసారి తల ముంచాను. మూడేళ్ళకు, పోయిన నవంబరులో, గోవాలో ఐరన్‌మ్యాన్ 70.3 అనే ట్రయథ్లాన్ పూర్తి చేశాను.

ఇప్పుడు తెలిసినవాళ్ళంతా సైకిల్ ఎంతకు కొన్నావు, రోజుకు ఎన్ని గంటలు కష్టపడ్డావు అని అడుగుతున్నారు. ముందు రాత్రి ఎక్కడ పడుకున్నావు, పొద్దున నాలుగింటికి ఏం తిన్నావు, నీటి దాకా ఎట్లా చేరావు అని ఒక్కరూ అడగలేదు. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు ఉండి పోటీలకు వెళ్ళే నాలాంటివాళ్ళకు సగం రేసు అక్కడే తేలిపోతుంది. ఈ సీజన్లో నాకు అర్థమైంది అదే కాబట్టి, వెళ్ళిన చోట్ల గురించి అట్లాగే రాస్తున్నాను.

ముందుగా దూరాల సంగతి. ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి, మధ్యలో గడియారం ఆగదు. స్ప్రింట్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్ దూరం దానికి రెట్టింపు. గోవాలో జరిగేది హాఫ్, అంటే పూర్తి ఐరన్‌మ్యాన్‌లో సగం: 1.9 కిలోమీటర్లు ఈది, 90 తొక్కి, 21.1 పరిగెత్తాలి. మొత్తం మైళ్ళలో లెక్కేస్తే 70.3, అందుకే ఆ పేరు.

సీజన్ హైదరాబాద్‌లోనే మొదలైంది. స్ప్రింట్ రేసు, పూల్‌లో ఈత. సొంత ఇల్లు, సొంత మంచం, పెరుగన్నం. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సాధన చేసే చోట్ల గురించి మాత్రం చెప్పాలి. 2023లో ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన తెరిచిన సోలార్ సైకిల్ ట్రాక్ 23 కిలోమీటర్లు ఉంటుంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. తెల్లవారుజామున ఒంటరిగా తొక్కే ఆడవాళ్ళకు ఇంతకంటే మంచి చోటు ఈ నగరంలో నాకు తెలియదు. లారీల భయం లేదు, పైన కప్పు ఉంది కాబట్టి వానలోనూ ఆగనక్కరలేదు. లోటు కూడా ఆ కప్పే. నెలల తరబడి నీడలో తొక్కిన ఒంటికి గోవా ఎండ కొత్తగా తగులుతుంది. చివరి ఆరు వారాలు ఆదివారాలు కావాలనే ట్రాక్ వదిలి సర్వీసు రోడ్డు మీద, ఎండెక్కాక తొక్కాను. అది చాలా పనికొచ్చింది.

మధ్యలో ఒక చిన్న ఊళ్ళో పరుగు, సైకిల్, మళ్ళీ పరుగు ఉండే డ్యుయథ్లాన్‌కు వెళ్ళాను. ఊరి పేరు రాయను. ఆడవాళ్ళందరికీ కలిపి ఒకే ఒక్క టాయిలెట్. రెండో పరుగు మొదలయ్యేసరికి నీళ్ళ డ్రమ్ములు ఖాళీ. రోడ్డు పక్క చెరుకురసం బండి ఆయన నా ముఖం చూసి, అడగకుండానే గ్లాసు చేతిలో పెట్టి డబ్బులు వద్దన్నాడు. అప్పటి నుంచి డబ్బు కట్టేముందు ఫోన్ చేసి మూడు సంగతులు అడుగుతున్నాను. నీళ్ళలో ఎన్ని పడవలు ఉంటాయి? పరుగు దారిలో ఎన్ని కిలోమీటర్లకు ఒకసారి నీళ్ళు ఇస్తారు? ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి గుడారం ఉందా? సరిగ్గా నడిపేవాళ్ళయితే తడుముకోకుండా చెప్తారు.

పూల్‌లో నేర్చుకున్నవాళ్ళకు సముద్రం వేరే లోకం. దానికోసం సెప్టెంబరులో నాలుగు రోజులు సెలవు పెట్టి విశాఖ వెళ్ళాను. బస ఎంవీపీ కాలనీలో మా చిన్నత్తయ్యగారి ఇంట్లో. హోటల్ అయితే నేను ఈదే ఋషికొండ బీచ్‌కు ఇంకా దగ్గర్లో దొరికేది. కానీ తడిసి, ఉప్పు పట్టి, వణుకుతూ వచ్చిన మనిషికి తలుపు తీసి "ముందు వేణ్ణీళ్ళు పోసుకోమ్మా, తర్వాత మాట్లాడుకుందాం" అనేవాళ్ళు హోటల్లో ఎక్కడుంటారు? ఒక్కటే ఇబ్బంది, రాత్రి పదకొండు దాకా కబుర్లు. మూడో రోజు నేనే తొమ్మిదింటికి పడుకుంటానని చెప్పేశాను. ఆవిడ నొచ్చుకోలేదు. పైగా పొద్దున నాలుగున్నరకు ఉప్మా చేసి పెట్టారు.

ఋషికొండలో నీళ్ళు తెలిసిన మనిషి లేకుండా దిగకూడదు. అలలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గాని, లోపల లాగుడు గట్టిగా ఉంటుంది. నాతో దిగినాయన గజ ఈతగాడు, పుట్టింది మత్స్యకారుల పేటలో. పుస్తకంలో రాసినట్టు ఏమీ చెప్పలేదు. మొదటి రోజు ఈదనివ్వనే లేదు. నడుం లోతులో నిలబెట్టి, కెరటం విరిగేముందు దాని కింద దూరి అవతల తేలడం ఒక్కటే నేర్పించాడు. యాభై సార్లు అయ్యుంటుంది. "కెరటంతో కొట్లాడకండి అమ్మా, అది వెళ్ళిపోతాది, మీరుండిపోతారు" అన్నాడు. రెండో రోజు తల ఎత్తి దారి చూసుకోవడం. నాలుగు బారలకోసారి మొసలిలా కళ్ళు మాత్రం నీటి పైకి తేల్చి ఒడ్డున ఒక గుర్తు చూసుకోవాలి. నేను కొండ మీది ఒక తెల్ల గోడను గుర్తు పెట్టుకున్నాను. మొదటి రోజు నోట్లోకి ఉప్పునీళ్ళు, కళ్ళలో మంట. నాలుగో రోజుకు ఆ తెల్ల గోడ తల ఎత్తినప్పుడల్లా ఎదురుగానే ఉంది. సీజన్ మొత్తంలో నేను పెట్టిన డబ్బులో అన్నిటికంటే విలువైనది ఆయనకు ఇచ్చిందే.

తర్వాత కొల్హాపూర్, రాజారాం తలావ్ అనే చెరువులో ఈతతో ఒలింపిక్ దూరం. కారు వెనక సైకిల్ కట్టుకుని 65వ నంబరు హైవే మీద సోలాపూర్ దాకా, అక్కడి నుంచి సాంగ్లీ మీదుగా వెళ్ళాం. 500 పైచిలుకు కిలోమీటర్లు. మా ఆయన తోడు వచ్చారు. బస దగ్గర ఇక్కడే తప్పు చేశాను. అంబాబాయి (కొల్హాపూర్ మహాలక్ష్మి) దర్శనం కూడా అవుతుంది కదా అని గుడి పక్క లాడ్జీలో గది తీసుకున్నాం. 1,400 రూపాయలు, గది శుభ్రంగానే ఉంది. దర్శనం బాగా అయింది. కానీ యాత్రికులు రాత్రంతా వస్తూనే ఉంటారు. మెట్ల మీద అడుగులు, తలుపుల చప్పుడు, పిల్లల ఏడుపులు. రెండు గంటలు కూడా నిద్ర పట్టలేదు. పొద్దున నాలుగున్నరకు కిందికి వస్తే షట్టర్‌కు తాళం, తాళంచెవి ఉన్న మనిషి లేడు. పావుగంట తర్వాత దొరికాడు. తలావ్ యూనివర్సిటీ వైపు, ఊరికి ఒక చివర. నేను చేరేసరికి ట్రాన్సిషన్, అంటే సైకిళ్ళు పెట్టి ఈత నుంచి సైకిల్‌కు మారే చోటు, మూసేయడానికి ఏడు నిమిషాలే ఉంది. దర్శనానికి వెళ్తే గుడి పక్కన దిగండి. రేసుకైతే తలావ్ దగ్గరే దిగండి, గుడికి రేసు అయ్యాక వెళ్ళండి.

ఆ హడావిడి నాతోపాటు నీళ్ళలోకి వచ్చింది. మంచినీటి తలావ్, అలలు లేవు. అయినా అడుగు కనిపించని పచ్చటి నీరు, చుట్టూ వంద చేతులు, వంద కాళ్ళు. మూడు వందల మీటర్ల దగ్గర ఊపిరి అందలేదు. గుండె గొంతులో కొట్టుకుంటోంది. చెయ్యెత్తాను. ఒక కయాక్ వచ్చింది. అందులో ఉన్న కుర్రాడు తెడ్డు పక్కకు పెట్టి, ముందు కొస పట్టుకొమ్మని చూపించి "ఆరామ్ సే, తాయీ" అన్నాడు, నిదానంగా అక్కా అని. కయాక్ పట్టుకుని ముందుకు కదలనంత వరకు రేసు పోదు, ఎంతసేపయినా విశ్రాంతి తీసుకోవచ్చు. ఆ నియమం చదివాను గాని ఆ క్షణాన మర్చిపోయాను. ఆ అబ్బాయే గుర్తు చేశాడు. కాసేపు అట్లా వేలాడి, నీళ్ళలోకి గాలి ఊది, మళ్ళీ ఊది, వదిలేశాను. మిగతా 1,200 మీటర్లు నిదానంగా ఈదాను. ఆ రోజు ఏ పతకం గురించీ నాకు గుర్తు లేదు, ఆ తెడ్డు నుంచి కారుతున్న నీళ్ళు గుర్తున్నాయి.

రేసు అయ్యాక తిన్న కారం కారం కొల్హాపూర్ వంటలు మిసల్, తాంబడా రస్సా గురించి ఎంతైనా రాయొచ్చు. ముందు రోజు మాత్రం తినకండి.

ఇక గోవా. మొదటి చిక్కు సైకిల్‌ను చేర్చడం. విడదీసి పెట్టెలో సర్ది ప్రైవేటు బస్సు డిక్కీలో వేశాను. బస్సువాళ్ళు దాని మీద ఇంకో మూడు పెట్టెలు పెట్టారు. పణజీలో విప్పి చూస్తే వెనక గేర్లు మార్చే భాగాన్ని పట్టి ఉంచే హ్యాంగర్ వంగిపోయింది. ఆ చిన్న ముక్క వంగితే గేర్లు సరిగ్గా పడవు. నా సంచిలో స్పేర్ ఉంది, లేకపోతే అక్కడితో ఇంటికి రావాల్సిందే. రేసు ప్రాంగణంలో మెకానిక్ పావుగంటలో బిగించి, గేర్లు సరిచేసి ఇచ్చాడు. తిరుగు ప్రయాణం 2024 అక్టోబరులో మొదలైన వాస్కో-సికింద్రాబాద్ రైల్లో చేశాను. వారానికి రెండు రోజులే అయినా, సైకిల్ పెట్టె నా కళ్ళ ముందే ఉంది.

బస విషయంలో కొల్హాపూర్ నేర్పింది మర్చిపోలేదు. ఈత మొదలయ్యే మీరామార్ బీచ్‌కు పన్నెండు నిమిషాల నడకలో వంటగది ఉన్న చిన్న ఫ్లాట్ తీసుకున్నాం. రాత్రికి 4,500, మూడు రాత్రులు. కలంగూట్ వైపు సగానికే మంచి గదులు ఉన్నాయి. కానీ ఆదివారం పొద్దున రోడ్లు మూసేస్తారు, టాక్సీ దొరుకుతుందో లేదో అని రాత్రంతా కలత నిద్ర. ఇంటి నుంచి చిన్న కుక్కర్, సోనా మసూరి బియ్యం, నిమ్మకాయ పచ్చడి తీసుకెళ్ళాను. పొద్దున మూడున్నరకు నాకు అలవాటైన అన్నం, పెరుగు నేనే తిన్నాను. ఫైవ్ స్టార్ హోటల్లో ఆ వేళకు అది దొరకదు.

శనివారం సాయంత్రం సైకిల్ అప్పజెప్పడానికి వెళ్తుంటే వీధి మలుపులో పోదేర్ కనిపించాడు. హారన్ నొక్కుతూ సైకిల్ మీద ఇంటింటికీ పోయ్ రొట్టెలు అమ్మే మనిషి. వెనక పెద్ద గంప, మీద నీలం పట్టా. నా సైకిల్ పక్కన తనది నిలబెట్టి, నా సన్నటి టైరును వేలితో నొక్కి చూశాడు. ఇంత సన్నటి దానితో ఎంత దూరం అని హిందీలో అడిగాడు. తొంభై అన్నాను. తను రోజుకు నలభై తొక్కుతానని, గంపతో సహా అని చెప్పాడు. రెండు రొట్టెలు కొన్నాను, ఇంకా వెచ్చగా ఉన్నాయి.

సైకిల్ సామాను నీలం సంచిలో, పరుగు సామాను ఎర్ర సంచిలో. చీలమండకు సమయం లెక్కపెట్టే చిప్. ఈతకు 1 గంట 10 నిమిషాలు, మొత్తానికి 8 గంటల 30 నిమిషాలు గడువు. 2024లో బెంగళూరు ఎంపీ తేజస్వి సూర్య ఇక్కడే 8 గంటల 27 నిమిషాల్లో ముగించారు. ఆ మూడు నిమిషాల విలువ ఎంతో రేసు చేసినవాళ్ళకు తెలుసు.

నీళ్ళు గోరువెచ్చన, వెట్‌సూట్ అవసరం లేదు. ఋషికొండ చూసినవాళ్ళకు మీరామార్ మెత్తగానే అనిపిస్తుంది. వరసలో కొద్దికొద్దిమందినే వదిలారు కాబట్టి కొల్హాపూర్‌లో ఉన్నంత తోపులాట లేదు. ఒకసారి కయాక్ దగ్గరగా వచ్చి చూసింది. నేను బొటనవేలు పైకెత్తి చూపించి ముందుకు వెళ్ళాను. 1 గంట 2 నిమిషాలు.

గోవా రోడ్డంటే చదును తీరం అనుకుంటాం. ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం, రూటంతా అదే. ముందు సైకిల్‌కు 12 మీటర్లు దూరం ఉంచాలి, వెనక దాక్కుంటే శిక్ష. 60 దాటాక వెనక ట్యూబ్ పంక్చర్. వేళ్ళు వణుకుతుంటే మార్చడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. సైకిల్ దిగడానికి గడువు, ఈతతో కలిపి, అయిదున్నర గంటలు. 5 గంటల 15 నిమిషాల దగ్గర సైకిల్ దిగాను.

పరుగు మిట్టమధ్యాహ్నం. ఇక్కడ నిలబెట్టింది నీళ్ళు పోసినవాళ్ళే. బల్లల మీద ఐసు, అరటిపళ్ళు, ఉప్పు కలిపిన నీళ్ళు ఎప్పుడూ తరగలేదు. ఒక పెద్దావిడ తన ఇంటి గేటు ముందు నిలబడి తోటకు నీళ్ళు పట్టే పైపుతో అందరి తలల మీదా చల్లుతోంది. నేను మూడుసార్లు ఆ గేటు దగ్గర ఆగాను. మూడోసారి ఆవిడ నన్ను గుర్తుపట్టి ముందే పైపు నావైపు తిప్పింది. 8 గంటల 5 నిమిషాలకు గీత దాటాను.

ఫ్లాట్‌కు వచ్చి పెద్దన్నకు వీడియో కాల్ చేశాను. అమ్మ పక్కనే ఉంది, సముద్రం చూపించమంటే బాల్కనీ అంచు దాకా వెళ్ళి చూపించాను. అన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "చెల్లె, సంక్రాంతికి వస్తవు గదా" అన్నాడు. వస్తాను, అప్పటికి కాలువలో నీళ్ళుంటయా అని అడిగాను.

"వారబందీ నడుస్తది, వంతులేసి నీళ్ళిస్తరు. ఏ రోజు ఇడుస్తరో కనుక్కొని చెప్త. ఈసారి బట్టల కాడ నేను కూసుంట."