గల్ పక్షుల కోసం వెళ్తే: రంభలో దిగాలా, గోపాల్‌పూర్‌లోనా?

బరంపురం మనవాళ్లు చాలామంది పొద్దున కారెక్కి ఒడిశాలోని చిలికా సరస్సు చూసి సాయంత్రానికి ఇల్లు చేరతారు. గల్ పక్షుల్ని (సీగల్స్ అంటామే, అవే) తీరిగ్గా చూడాలనుకుంటే అలా వద్దు. ఆ సరస్సు ఒడ్డునే ఉన్న రంభలో ఒక రాత్రి ఉండండి, పొద్దున్నే పడవెక్కొచ్చు. మధ్యాహ్నానికి గాలి లేచిందంటే పడవ ఊగిపోతుంది, బైనాక్యులర్స్‌లో ఏదీ నిలవదు.

బస విషయంలో నా ఓటు సరస్సు ఒడ్డున ఉన్న ఒడిశా టూరిజం వసతిగృహం పాంథనివాస్‌కే. హంగులేమీ ఆశించకండి, రేవు పక్కనే ఉండటమే దాని బలం. అంతకుముందు హైవే మీద ఓ లాడ్జిలో దిగాం. వేడినీళ్లు వస్తాయన్నారు, రాలేదు. రాత్రంతా లారీల హారన్లే.

పడవవాడితో బేరం ముందే తేల్చుకోండి. ఒక్క మాట గట్టిగా చెప్పండి: పక్షుల దగ్గరికి రాగానే ఇంజన్ ఆపాలని. మాకు ఆపాడు. గోధుమతల గల్ ఒకటి వెదురు గెడ మీద వాలి అలాగే కూర్చుంది. శీతాకాలం కాబట్టి తల తెల్లగానే ఉంది, కంటి వెనక మసిమరక లాంటి చుక్క మాత్రం మిగిలింది. లేత రంగు కన్ను, కొస నల్లబడిన ఎర్రముక్కు, ఎర్రకాళ్లు. ముక్కు చివర నీటిబొట్టు వేలాడుతోంది. కళ్లపైనుండే గ్రంథులు రక్తంలోని ఉప్పును తోడేస్తే అది ముక్కురంధ్రాల్లోంచి ఇలా కారుతుంది. ఉప్పునీళ్లు తాగినా గల్ పక్షులు తట్టుకునేది అందుకే.

పక్క పడవలో పిల్లలు కారప్పూస విసురుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. చేపా పురుగూ పట్టుకు తినే పక్షికి నూనెపిండి ఎందుకు? పడవవాళ్లే పొట్లాలు అమ్మడం నాకు చాలా బాధనిపించింది.

పెద్దదైన పల్లాస్ గల్ కావాలంటే చిలికా ఒడ్డునే ఉన్న మరో రేవు బర్కుల్ నుంచి నలబణ దీవి వైపు వెళ్లి వెతకండి. పసుపు కాళ్లు, పసుపు ముక్కు మీద నల్లపట్టీ, ఎర్రకొస ఆనవాళ్లు. ఆ దీవి 1987 నుంచి అభయారణ్యం, మీద అడుగుపెట్టనివ్వరు.

సముద్రం ఒడ్డున ఉన్న గోపాల్‌పూర్ బరంపురానికి సుమారు 16 కిలోమీటర్లే. గదులకు కొదవలేదు, సెలవుల్లో ధరలు మాత్రం మండుతాయి. అక్కడ జాలర్లలో చాలామంది తెలుగువాళ్లే. “వల ఒడ్డుకొచ్చే యేళకి రండమ్మా, అప్పుడు సూడండి వీటి గోల,” అన్నాడొక పెద్దాయన. నిజమే. గల్స్‌కి దగ్గరి చుట్టాలైన టర్న్ పక్షులు తలకిందులుగా నీళ్లలోకి దూకి చేప పడితే, గల్స్ మాత్రం పైపైన తేలేవి ఏరుకుంటాయి, దొరికితే పక్కదాని నోట్లోది లాక్కుంటాయి. ఈ దొంగబుద్ధి చూడాలంటే రంభ కన్నా గోపాల్‌పూర్ ఒడ్డే మేలు, పడవ ఖర్చూ ఉండదు.

డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో రంభలో గది దొరకడం కష్టం. మార్చి మొదట్లో వెళ్తే రద్దీ తగ్గుతుంది. లడఖ్, టిబెట్ ఎత్తుల్లోని సరస్సులకు గూళ్లు కట్టడానికి బయల్దేరే ముందు కొన్ని గోధుమతల గల్స్ తల అప్పటికే గోధుమరంగు తిరుగుతూ కనిపిస్తుంది.