తొమార్, బెబేర్: ముందు ఏది నేర్చుకోవాలి?

స్పానిష్ మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ మొదటి నెలలోనే నన్ను అడిగే ప్రశ్న ఇది. "తాగడం" అంటే పుస్తకంలో బెబేర్ అని ఉంటుంది. మెక్సికో వాళ్ళ మాటలు వింటే అన్నిటికీ తొమారే. రెండూ పద్ధతి తప్పని క్రియలే, మరి దేన్ని ముందు బట్టీ పట్టాలి?

నా లెక్కలో తేల్చేది అర్థం. బెబేర్ అంటే తాగడం, అంతే. తొమార్‌కి అసలు అర్థం తీసుకోవడం. ఇంటికొచ్చినవాళ్ళని మనం "కాఫీ తీసుకుంటారా?" అంటామే, అచ్చం అలాగే "క్యేరె తొమార్ ఉన్ కఫే?" అంటారు. ఇదే మాటతో బస్సెక్కవచ్చు, మాత్ర వేసుకోవచ్చు, ఎండ కాచుకోవచ్చు, నిర్ణయం తీసుకోవచ్చు. లాటిన్ అమెరికాలో మంచినీళ్ళకీ ఇదే. స్పెయిన్‌లో నీళ్ళకి బెబేర్ ఎక్కువ వినిపిస్తుంది కానీ, కాఫీకి అక్కడా తొమారే. ఒక్క జాగ్రత్త: ఏం తాగాడో చెప్పకుండా లాటిన్ అమెరికాలో "తోమ మూచొ" అంటే మందు బాగా కొడతాడని. స్పెయిన్‌లో ఆ పని "బేబె మూచొ" చేస్తుంది. మన "ఆయన తాగుతాడు" లాగే.

ఇక రూపాలు. తోమొ (నేను), తోమస్ (నువ్వు), తోమ (అతను, ఆమె, మర్యాదగా మీరు), తొమామొస్ (మేము, మనం), తోమన్ (వాళ్ళు). "తాగుతాను" అన్నాక "నేను" అక్కర్లేనట్టే, తోమొ అంటే చాలు. తెలుగువాళ్ళు తడబడేది ఊనిక దగ్గర, అంటే మాటలో ఏ భాగాన్ని నొక్కి పలకాలన్న దగ్గర. అందుకే ఊనిక ఉన్నచోట నేను దీర్ఘం పెట్టి రాసుకుంటాను: తోమొ అంటే తీసుకుంటాను, తొమో అంటే తీసుకున్నాడు. ఈ తేడా చెవికి పట్టిందంటే తొమార్ లాగా ఆర్‌తో ముగిసే మామూలు క్రియలన్నీ దారిలో పడతాయి. అన్నిటికన్నా పెద్ద గుంపు అదే. చాటింగ్, స్కానింగ్ లాంటి కొత్త పనులకి పుట్టే క్రియలూ అందులోకే వస్తాయి.

బెబేర్‌కి ఒక మేలుంది. తొమామొస్ అంటే తీసుకుంటాం, తీసుకున్నాం రెండూ. సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. బెబేమొస్ తాగుతాం, బెబీమొస్ తాగాం: ఇక్కడ గందరగోళం లేదు.

బస్సెక్కడానికి స్పెయిన్‌లో కొహేర్ అనే మాట కూడా ఉంది. మెక్సికో, అర్జెంటీనాల్లో అది బూతు. కొత్తవాళ్ళు దాని జోలికి పోవద్దు.

తొమార్ నోటికొచ్చాక బెబేర్ పట్టండి. దాని భూతకాల ప్రత్యయాలే బివీర్ (జీవించడం) కీ సరిపోతాయి: బెబీ (తాగాను), బివీ (జీవించాను), బెబ్యో (తాగాడు), బివ్యో (జీవించాడు).